దేనిలో శాతం, మాస్టారూ?

లెక్కల్లో సందేహాలు అడుగుతూ ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ చూస్తే సగానికి సగం శాతాల మీదే ఉన్నాయండి, మిగతా సగం ఆల్జీబ్రాలో వచ్చే ఎక్స్ మీద. దాదాపు అన్నీ మన శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచే. పేర్లు వెయ్యొద్దని చాలామంది అడిగారు, అందుకని ఊరి పేరుతో సరిపెడుతున్నాను. ఇంకో మాట, మీరు ఎక్స్ అని రాసినచోటల్లా నేను 'క' అని వేసుకున్నాను, ఏ అక్షరం పెట్టినా లెక్క ఒకటే కదా, ఎందుకు 'క' అన్నానో ఆఖర్లో చెప్తాను. ముందు ఒక రైతు ఉత్తరం తీసుకుంటున్నాను, ఈ లెక్క తెలీక ఆయన బాగా మనసు కష్టపెట్టుకున్నాడు.

మాస్టారూ నమస్కారం. మాది నరసన్నపేట దగ్గర పల్లెటూరు. ధాన్యం పట్టుకెళ్తే తేమ 22 శాతం ఉంది, 17కి రావాలన్నారు. సరేనని కళ్లంలో బరకాలేసి మూడ్రోజులు ఎండబెట్టాం. 22 లోంచి 17 తీసేస్తే 5, అంటే క్వింటాకి 5 కిలోలు తగ్గాలి, 95 ఉండాలి. కాటా మీద పెడితే 94 వస్తంది. 40 క్వింటాళ్ళకి 40 కిలోల తేడా. మావోడు కాటాలో మోసం ఉందని ఆ కుర్రాడితో గొడవేసుకున్నాడు. మీరేటంటారు?

బాబూ, కాటా సరిగ్గానే చూపించిందండి. మీ లెక్కలోనే ఒక కిలో తప్పింది, చాలా చదువుకున్నవాళ్ళు కూడా సరిగ్గా ఇక్కడే తప్పుతారు కాబట్టి మీరేం చిన్నబుచ్చుకోవద్దు.

తేమ 22 శాతం అంటే 100 కిలోల ధాన్యంలో 22 కిలోలు నీరు, మిగతా 78 కిలోలు గింజ. ఎండలో పెడితే పోయేది నీరొక్కటే, గింజ ఎక్కడికీ పోదు, ఎండకముందు 78, ఎండాక కూడా 78. ఇది గట్టిగా పట్టుకోండి, లెక్కంతా దీనిమీదే నిలబడుతుంది.

ఇప్పుడు తేమ 17 శాతానికి వచ్చింది. దేనిలో 17 శాతం? మొదటి 100 కిలోల్లో అనుకున్నారు మీరు. మీటరు చూపించేది అప్పుడు దాని ముందున్న ధాన్యంలో, అంటే ఎండి బరువు తగ్గిపోయిన ధాన్యంలో. ఆ బరువెంతో మనకింకా తెలీదు, దానికి 'క' అని పేరు పెడదాం. ఆ 'క' కిలోల్లో 17 శాతం నీరు అయితే మిగతా 83 శాతం గింజ అవ్వాలి, గింజ 78 అని మనకి తెలుసు.

83 × క ÷ 100 = 78
క = 7800 ÷ 83 = 93.98

అంటే 94 కిలోలు, మీ కాటా చూపించింది అదే. తిరగేసి చూసుకోండి, 94లో 17 శాతం అంటే 16 కిలోలు, 94లోంచి 16 తీస్తే 78, గింజ సరిపోయింది. నీరు 22 నుంచి 16కి దిగింది, అంటే పోయింది 6 కిలోలు. 22 శాతం 100 కిలోల్లోది, 17 శాతం 94 కిలోల్లోది, వేర్వేరు బరువుల్లోని శాతాల్ని ఒకదాంట్లోంచి ఒకటి తీసేశారు, అదీ జరిగింది.

దీన్ని ఒక్క ముక్కలో రాసి పెట్టుకోండి: ఎండబెట్టక ముందు బరువుని (100 − ముందు తేమ) తో గుణించి, (100 − తర్వాత తేమ) తో భాగించాలి. మీ 4,000 కిలోలకి వేస్తే 4,000 × 78 ÷ 83, అంటే 3,759 కిలోలు రావాలి, ఓ పదీ ఇరవై కిలోలు పిట్టలకీ నేలకీ పోయాయనుకున్నా దానికి దగ్గర్లో ఉండాలి. మరీ తక్కువొస్తే అప్పుడు అనుమానపడొచ్చు, అప్పుడు కూడా ముందు తెలిసిన బరువు ఏదైనా కాటా మీద పెట్టి చూసి మాట్లాడండి.

ఇదే లెక్కలో మీకు పనికొచ్చేది ఇంకోటుంది. 17 వస్తే చాలన్నచోట ఇంకో రెండ్రోజులు ఉంచేసి 14కి దింపారనుకోండి, 78 ÷ 0.86 అంటే 90.7 కిలోలు, క్వింటాకి ఇంకో 3 కిలోల పైన బరువు పోయినట్టే, ఆ బరువుకి మీకు డబ్బు రాదు. విత్తనానికో ఇంట్లో నిల్వకో అయితే బాగా ఎండాలి, అది వేరే సంగతి. అమ్మకానికైతే 17 రాగానే ఎత్తెయ్యండి. మీ అబ్బాయిని మాత్రం ఆ కాటా కుర్రాడి దగ్గరకెళ్ళి ఓ మాట కలిపెయ్యమనండి, పాపం అతని తప్పేం లేదు.

టీచర్లకి పిల్లలు అడిగితే కసురుకుంటారని మా పాప నన్నే అడుగుతాది, నేను ఇంటర్ ఆర్ట్స్, నాకేం తెలీదు. ఎయిత్ క్లాస్. '3క + 5 ని సూక్ష్మీకరించు' లాంటి దానికి ఒకసారి 8క అని రాసింది, ఇంకోసారి క = −5/3 అని రాసింది. రెండూ కొట్టేశారు. సమాసం ఏటి, సమీకరణం ఏటి, నాకు మాటల్లో చెప్తే నేను పాపకి చెప్పుకుంటాను. (ఆమదాలవలస)

అమ్మా, మీరు అడిగిన పద్ధతి నాకు చాలా నచ్చింది, మాటల్లోనే చెప్తాను.

'మా పెద్ద మావయ్య ఇంటి ఎదురుగా' అన్నారనుకోండి. అవునా కాదా అని నేను అడగ్గలనా? లేదు, ఎందుకంటే ఇంకా మీరేమీ చెప్పలేదు. 'మా పెద్ద మావయ్య ఇంటి ఎదురుగా రావిచెట్టు ఉంది' అంటే అప్పుడు అవును అనో కాదు అనో అనొచ్చు. 3క + 5 మొదటి రకం, ఒక సంఖ్యకి మూడు రెట్లు, దానికి ఐదు కలిపినది, అంతే, మాట సగంలో ఉంది. అది సమాసం. 3క + 5 = 20 అంటే వాక్యం పూర్తయింది, ఆ మూడు రెట్లకి ఐదు కలిపితే ఇరవై అవుతుందట. అది సమీకరణం. అవునా కాదా అనే ప్రశ్న పడుతుంది కాబట్టే ఏ సంఖ్యకి అవును అవుతుందో వెతుకుతాం, దాన్నే సాధించడం అంటారు, ఇక్కడ 5 పెడితే అవును అవుతుంది. సమాసాన్ని సర్దొచ్చు, 'క' విలువ ఇస్తే లెక్కగట్టొచ్చు, సాధించడం కుదరదు. పాప క = −5/3 అని రాసిందంటే తనంతట తనే '= 0' అని తగిలించేసుకుంది, పుస్తకం ఆ మాట అనలేదు. 'సూక్ష్మీకరించు' అన్న చోటా 'సాధించు' అన్న చోటా ఆ మాట కింద పెన్సిల్ తో గీత గీసుకుని మొదలెట్టమనండి.

ఇంక 8క సంగతి. కుంచం, అడ్డ అని పాతకాలం ధాన్యం కొలతలు ఉండేవి. ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఉంటే, మూడు కుంచాలూ ఐదు అడ్డలూ కలిపితే ఎనిమిది ఏవిటవుతాయి అని పాప చేత అడిగించండి. ఎనిమిది కుంచాలూ కాదు, ఎనిమిది అడ్డలూ కాదు, మూడు కుంచాల ఐదడ్డలు అనే అంటారు ఆవిడ. పుస్తకంలో విజాతి పదాలు అని ఉండేది ఇదే. కుంచానికి రెండు అడ్డలు అని ఆవిడకి తెలుసు కాబట్టి మొత్తం పదకొండు అడ్డలు అని కూడా చెప్పగలరు, ఎందుకంటే 'కుంచం = 2 అడ్డలు' అన్న సమీకరణం ఆవిడ చేతిలో ఉంది. మన 3క + 5లో అలాంటిదేం ఇవ్వలేదు కదా, అందుకే 3క + 5 గానే వదిలెయ్యాలి, అదే జవాబు. జవాబులో ప్లస్ గుర్తు మిగిలిపోతే లెక్క పూర్తవలేదని పిల్లలకి భయం, ఆ భయమే 8క అని రాయిస్తుంది.

8క తప్పని నమ్మకపోతే సంఖ్య పెట్టి చూడమనండి, కానీ 1 పెట్టొద్దు. 1 పెడితే 3 + 5 = 8, 8 × 1 = 8, రెండూ కలిసిపోయి పాప రాసిందే కరెక్టు అనిపిస్తుంది. 2 పెడితే ఒకవైపు 11, ఇంకోవైపు 16, అక్కడ తెలిసిపోతుంది. ముప్పై ఏళ్ళలో ఈ 1 పెట్టి మోసపోయిన పిల్లల్ని నేను ప్రతి బ్యాచ్ లోనూ చూశాను.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ నోట్సు ఫోటోలో కనపడింది. పాప 40 + 25 = 65 × 2 = 130 − 10 = 120 అని ఒకే గొలుసులా రాసుకుపోయింది. చివర 120 కరెక్టే, కానీ మొదటి నుంచి చదివితే 40 + 25 అనేది 120కి సమానం అని ఉంది. సమానం గుర్తుని 'ఇంక తర్వాత' అన్నట్టు వాడేస్తున్నారు పిల్లలు, ఇది ఇప్పుడు మానిపించకపోతే సమీకరణాల దగ్గర చాలా ఏడిపిస్తుంది. ఆ గుర్తు పెట్టినాయన రాబర్ట్ రికార్డ్ అని వేల్స్ మనిషి, 1557లో, 'సమానం, సమానం' అని పదే పదే రాయడం విసుగొచ్చి, ఒకే పొడుగున్న రెండు సమాంతర గీతల కంటే సమానమైనవి ఇంకేం ఉంటాయని అవి వేశాడు. అటూ ఇటూ తూకం సరిపోతేనే ఆ గీతలు వెయ్యాలి. ఒక్కో మెట్టుని ఒక్కో లైనులో రాయమనండి చాలు.

సార్ నేను టెన్త్, చీపురుపల్లి. అవతలి వైపుకి వెళ్తే ప్లస్ మైనస్ ఎందుకు అవుతుంది? ఎందుకు అని అడిగితే రూల్ అంటున్నారు. 2క + 7 = 19 కి నేను 2క = 12, క = 12 − 2 = 10 వేశాను, 2 కూడా అవతలికి వెళ్ళింది కదా గుర్తు మార్చాను.

నువ్వు ఎందుకు అని అడగడం ఆపకు నాన్నా.

కిరాణా కొట్లో పాతకాలం తాసు చూశావా, రెండు పళ్ళేలవి. ఒక పళ్ళెంలో ఒకే సైజు బెల్లం దిమ్మలు రెండు, వాటితోపాటు 7 కిలోల బాట్లు. ఇంకో పళ్ళెంలో 19 కిలోల బాట్లు. ముల్లు మధ్యలో నిలబడింది. దిమ్మ బరువు తెలియాలంటే ఆ 7 కిలోలు తియ్యాలి, ఇవతల తీస్తే తాసు అవతలికి ఒరిగిపోతుంది కాబట్టి అవతల కూడా 7 తియ్యాలి. 19లోంచి 7 తీస్తే 12. ఇంతే జరిగింది. 7 ఎక్కడికీ నడిచి వెళ్ళలేదు, దానికేం గుర్తు మారలేదు, రెండు వైపులా 7 తీసేశాం, ఇవతలది మాయమైపోయింది, అవతల '− 7' కనపడింది, చూసేవాళ్ళకి దాటి వెళ్ళినట్టు అనిపించింది. పక్షాంతరం అని పేరు పెట్టి షార్ట్ కట్ గా నేర్పేస్తాం, టైం కలిసొస్తుందని, అందులో ఎందుకు అన్నది పోతుంది.

ఇప్పుడు రెండు దిమ్మలు కలిపి 12 కిలోలు. ఒక్క దిమ్మ ఎంత? 12లోంచి 2 కిలోలు తీసేస్తావా, రెండు భాగాలు చేస్తావా? సగం చేస్తావు, 6. 2క అంటే 2 కలిపింది కాదు, 2 రెట్లు. కలిపినదాన్ని తీసివేత విప్పుతుంది, గుణించినదాన్ని భాగారం విప్పుతుంది. నీ 10 పెట్టి చూడు, 2 × 10 + 7 = 27, అక్కడ 19 ఉంది, ముల్లు ఒరిగిపోయింది. 6 పెడితే 19. పరీక్షలో ఈ సరిచూసుకోడానికి పది సెకన్లు పట్టదు, నూటికి తొంభైమంది చెయ్యరు, నువ్వు చెయ్యి.

ఆల్జీబ్రా అన్న మాట కూడా ఈ పని నుంచే వచ్చింది. బాగ్దాద్ లో అల్ ఖ్వారిజ్మీ అని ఒక పండితుడు, సుమారు 820 ప్రాంతంలో, తీసివేతలో ఉన్నదాన్ని రెండు వైపులా కలిపి సరిచెయ్యడానికి 'అల్ జబ్ర్' అన్నాడు. విరిగిన ఎముకని కూర్చి కట్టడానికి కూడా అరబ్బీలో అదే మాట. ఆయన పుస్తకంలో ఎక్స్ లేదు, ప్లస్ లేదు, మొత్తం మాటలే, సమీకరణం అంతా వాక్యాల్లోనే రాశాడు.

వాట్సాప్ లో 8 ÷ 2(2 + 2) ఎంత అని కొట్టుకుంటున్నారు, 1 ఆ 16 ఆ? (బొబ్బిలి)

బ్రాకెట్ ముందు, తర్వాత గుణకారం భాగారం రెండిటికీ ఒకటే హోదా, ఎడం నుంచి కుడికి రావాలి అన్న స్కూలు పద్ధతిలో 8 ÷ 2 = 4, 4 × 4 = 16. 2(2 + 2) అంతా ఒకే ముద్ద అనుకునేవాళ్ళకి 1. అసలు అలా రాయడమే తప్పండి, ఎవరైనా పనికొచ్చే లెక్క రాస్తే భిన్నంలా రాస్తారు లేదా ఇంకో బ్రాకెట్ వేస్తారు. దీనికంటే మీ పిల్లలకి 12 − 4 + 3 ఇచ్చి చూడండి, ఏ పని ముందు చెయ్యాలో గుర్తుకి నేర్పే బాడ్మాస్ అన్న మాటలో కూడిక ముందుంది కదా అని 4 + 3 చేసేసి 5 అంటారు చాలామంది. జవాబు 11. కూడిక తీసివేతలకి కూడా ఒకటే హోదా. నాకైతే ఈ తప్పు గురించే బెంగ.

మా స్కూల్లో పాసైనవాళ్ళు 80 శాతం నుంచి 90 శాతానికి పెరిగారు. 10 శాతం పెరుగుదల అని బేనర్ రాయించాం, ఒకాయన తప్పన్నారు. (ఎస్.కోట)

ఆయన చెప్పింది నిజమే. 80 నుంచి 90 అంటే పెరిగింది 10 పాయింట్లు. శాతంలో చెప్పాలంటే దేనిలో అని అడగాలి, పాత 80లో 10 అంటే 12.5 శాతం. '80 నుంచి 90 శాతానికి' అని రాయించేస్తే ఏ గొడవా ఉండదు.

మేం ముగ్గురన్నదమ్ములం, ఉమ్మడి మీద 2 ఎకరాల 40 సెంట్లు. నాకు 35 శాతం అని పెద్దమనుషులు తేల్చారు. అంటే 35 సెంట్లేనా? (విజయనగరం)

అయ్యో కాదండీ, సంతకం పెట్టకముందే అడిగారు, మంచి పని చేశారు. ఎకరానికి 100 సెంట్లు కాబట్టి ఒక ఎకరంలో 35 శాతమైతే 35 సెంట్లే, అందుకే మనకి రెండూ ఒకటే అనిపిస్తాయి. మీకు వచ్చేది మొత్తం 240 సెంట్లలో 35 శాతం, 240 × 35 ÷ 100 = 84 సెంట్లు. గజాల్లో కావాలంటే సెంటుకి 48.4 గజాలు, 4,065 గజాల పైచిలుకు. కాయితం మీద శాతం ఒక్కటే రాయించకండి, 84 సెంట్లు అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ, హద్దులతో సహా రాయించుకోండి.

మాస్టారూ, మాది రాజాం, డ్వాక్రా సంఘంలో ఉన్నాను. ఒకాయన రెండు రూపాయల వడ్డీకి 10,000 ఇస్తానంటన్నాడు. 10 నెలల వడ్డీ 2,000 ముందే కోసుకుని 8,000 చేతికిస్తాడు, నెలకి వెయ్యి చొప్పున 10 నెలలు కట్టాలి. బేంకులో 12 శాతం అన్నారు. రెండు కన్నా పన్నెండు ఎక్కువ కదా అంటాది మా తోటికోడలు. ఏది మేలు?

అమ్మా, ఈ ఉత్తరం చదివి నేను ఇంక వేరే పని ముట్టుకోలేదు, ముందు మీకు జవాబు పంపించి తర్వాతే ఇక్కడ వేస్తున్నాను.

ఆ 2నీ ఈ 12నీ పక్కపక్కన పెట్టకూడదు. రెండు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకి 2, ఏడాదికి 24 శాతం. బేంకువాళ్ళు చెప్పే 12 శాతం నూటికి ఏడాదికి 12, అంటే నెలకి రూపాయి వడ్డీ. అప్పట్లో సంఘాలకి పావలా వడ్డీ అని వచ్చింది గుర్తుందా, నెలకి పావలా, పన్నెండు నెలలకి 3 రూపాయలు, అది ఏడాదికి 3 శాతం. అంటే ఆయన వడ్డీ పైకి కనపడేదే బేంకుకి రెట్టింపు.

లోపల ఇంకా ఉంది. వడ్డీ 10,000 మీద వేశాడు, మీ చేతికొచ్చింది 8,000. దేనిలో అని అడగాల్సింది ఇక్కడే. మొత్తం పదో నెలాఖరుకి ఒకేసారి కట్టేదైతే 8,000కి 2,000, అంటే నూటికి 25, పది నెలలకి పంచితే రెండున్నర రూపాయల వడ్డీ అయ్యేది. కానీ మీరు మొదటి నెల నుంచే వెయ్యి తిరిగి ఇచ్చేస్తున్నారు. ఇచ్చేసిన వెయ్యి మీ దగ్గర లేదు, అయినా దాని మీద కూడా పది నెలల వడ్డీ ముందే కోసేశాడు.

నేను మీ కోసం నెల నెలా వేసి చూశాను. వడ్డీ నూటికి నెలకి 4 రూపాయల 28 పైసలు అనుకుంటే, 8,000కి మొదటి నెల వడ్డీ 342, మొత్తం 8,342, వెయ్యి కట్టారు, బాకీ 7,342. రెండో నెల వడ్డీ 314, వెయ్యి కట్టారు, బాకీ 6,656. ఇలా పోతే సరిగ్గా పదో వెయ్యితో బాకీ సున్నా అవుతుంది. అంటే ఆయన రెండు రూపాయలని చెప్పింది నిజానికి నాలుగు రూపాయల పావలాకి పైనే, ఏడాదికి 51 శాతం దాకా. అదే 8,000 బేంకులో 12 శాతానికి పది నెలలకి తీసుకుంటే నెలకి 845 రూపాయలు కడితే తీరిపోతుంది, మొత్తం వడ్డీ 450 లోపు. ఇక్కడ 2,000.

మీ తోటికోడలికి కూడా ఇది చదివి వినిపించండి. ఎవరు అప్పిస్తామన్నా వడ్డీ ఎంత అని ఆగిపోకుండా, చేతికి ఎంతొస్తుంది, నెలకెంత, ఎన్ని నెలలు, ఈ మూడూ కాయితం మీద రాసుకుని సంఘంలో లెక్కలు వచ్చినవాళ్ళకి చూపించి అప్పుడు ఒప్పుకోండి.

కాశీబుగ్గలో చిన్న జీడిపప్పు షాపు. కిలో 700 పడింది. 20 శాతం వేసుకుని 840 బోర్డు పెట్టాను. పండక్కి 20 శాతం డిస్కౌంట్ అన్నాను, 20 వేసి 20 తీసేస్తే అసలుకి వస్తాది కదా అని. రోజు చివర చూస్తే కిలోకి 28 రూపాయలు నష్టం.

వేసుకున్న 20 శాతం 700లోది, 140. తీసేసిన 20 శాతం 840లోది, 168. తేడా మీ 28. ఎంతకి కొన్నా ఇంతే, 'క' రూపాయలైతే క × 1.2 × 0.8 = 0.96క, నూటికి నాలుగు చొప్పున పోతాయి. అసలుకి రావాలంటే 840 మీద 140 తగ్గించాలి, అది 16.67 శాతం, అంతకు మించి ఇవ్వకూడదు. ఒకవేళ బోర్డు మీద 20 శాతం తగ్గింపే కనపడాలి, అయినా మీకు నూటికి 10 మిగలాలి అనుకుంటే, ముందు కావాల్సిన ధర తేల్చుకోండి, 770. బోర్డు ధరలో 80 శాతం 770 అవ్వాలి, 770 ÷ 0.8 = 962.50. డిస్కౌంట్ పెట్టేముందు వెనక నుంచి ముందుకి లెక్క కట్టాలన్నమాట.

మీ డబ్బాల మీద డబ్ల్యూ 320, డబ్ల్యూ 240 అని ఉంటాయి కదా, అది కూడా 'దేనిలో' సంఖ్యే, ఒక పౌను బరువుకి ఎన్ని గుళ్ళ దాకా, అంటే విరగని పప్పులు, తూగుతాయో అది. పౌను అంటే 453.6 గ్రాములు కాబట్టి 320 రకం కిలోకి సుమారు 700 గుళ్ళు, సంఖ్య తగ్గేకొద్దీ పప్పు పెద్దది. కొనేవాళ్ళు అడిగితే ఇలా చెప్పండి, నమ్మకం కుదురుతుంది.

నాకు 38 ఏళ్ళండి, కొత్తవలసలో హోటల్ పని. ఓపెన్ టెన్త్ కడుతున్నాను. ఎక్స్ కనపడితే బుర్ర ఆగిపోతాది. ఈ లెక్క మూడ్రోజుల నుంచి రావట్లేదు: ఒక సంఖ్యలో 40 శాతానికి 15 కలిపితే, అదే సంఖ్యలో సగానికి 5 కలిపినంత అవుతుంది, ఆ సంఖ్య ఎంత? దీంతోపాటు వయసుల లెక్క ఒకటి పంపుతున్నాను.

పనిచేసొచ్చి రాత్రి పూట కూర్చుని మూడ్రోజులు ఒకే లెక్క పట్టుకున్నారంటే మీకు లెక్కలొచ్చేసినట్టే అనుకోండి, మొదలెట్టే పద్ధతి ఒక్కటే కావాలి.

ఎక్స్ అంటే తెలియని సంఖ్యకి పెట్టుకున్న పేరు. మన భాస్కరాచార్యులు 1150 ప్రాంతంలో బీజగణితం రాసినప్పుడు తెలియని మొదటిదాన్ని 'యావత్ తావత్' అన్నాడు, ఎంతైతే అంత అని అర్థం. రెండోది మూడోది కూడా తెలియకపోతే కాలకం, నీలకం, పీతకం అని రంగుల పేర్లు, నలుపు, నీలం, పసుపు. రాసేటప్పుడు మొదటి అక్షరాలు వేసేవాళ్ళు, యా, కా, నీ అని. నేను 'క' వాడింది అందుకే, మనకి ఇది పరాయిది కాదని. తెలుగులో అయితే పావులూరి మల్లన మహావీరాచార్యుడి గణితాన్ని ఏకంగా పద్యాల్లోకే తెచ్చేశాడు. గుర్తుల కంటే ముందు మాటలే ఉన్నాయి, మీరూ మాటలతోనే మొదలెట్టండి.

మొదటి లైను తెలుగులో: 'క అంటే నాకు కావాల్సిన సంఖ్య.' ఇది రాయకుండా ముందుకెళ్ళొద్దు.

తర్వాత ప్రశ్నని ముక్కలు చెయ్యండి. 'ఒక సంఖ్యలో 40 శాతం', దేనిలో? కలో. 40క/100. 'దానికి 15 కలిపితే', 40క/100 + 15. ఇక్కడికి సమాసం, మాట సగంలో ఉంది. 'అవుతుంది' అన్న మాట దగ్గర సమానం గుర్తు. అవతల 'సగానికి 5', క/2 + 5.

40క/100 + 15 = క/2 + 5

భిన్నాలు చూసి ఆగిపోవద్దు, 40/100 అంటే 4/10, కాబట్టి రెండు వైపులా 10తో గుణించెయ్యండి. అన్నిటినీ గుణించాలి, ఆ 15నీ 5నీ కూడా, అక్కడే ఎక్కువమంది మర్చిపోతారు.

4క + 150 = 5క + 50

రెండు వైపులా 4క తీసెయ్యండి, 150 = క + 50. రెండు వైపులా 50 తీసెయ్యండి, క = 100.

ఇప్పుడు ప్రశ్నలోకి వెళ్ళి సరిచూడండి, 100లో 40 శాతం 40, దానికి 15 కలిపితే 55. 100లో సగం 50, దానికి 5 కలిపితే 55.

వయసుల లెక్క నేను చెయ్యట్లేదండి, మీరే చెయ్యాలి. అందులో తండ్రి ఉన్నాడు, కొడుకు ఉన్నాడు, ఇప్పటి వయసు ఉంది, ఐదేళ్ళ తర్వాత వయసు ఉంది, 'క' అంటే ఈ నాలుగిట్లో ఏదో తేల్చుకుని ఆ మొదటి లైను ఒక్కటి తెలుగులో రాసి ఫోటో తీసి పంపండి, మిగతాది అక్కణ్ణుంచి ఇద్దరం కలిసి చూద్దాం.